వండి తెస్తాం

పొద్దున్నే పేపరు రాగానే మా ఆయన మొదట చూసేది రేపు ఏ ఊళ్ళో కరెంటు ఉండదన్నది. మా వైపు ఒక్కో సబ్ స్టేషనుకి నెలకొక రోజు మరమ్మతులు చేస్తారు. ఆ రోజు తొమ్మిది నుంచి ఐదు దాకా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కరెంటు తీసేస్తారు. ముందురోజే అరవ పేపర్లో ఊళ్ళ పేర్లు వేస్తారు. జనం ఆ జాబితా చూసి తిట్టుకుంటారు. మేము పెన్సిలుతో గీత గీసుకుని, మర్నాడు ఆ ఊరికే వ్యాను తీస్తాం.

మా పని మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు బాగుచేయడం. కరెంటు లేని ఊరికి కరెంటు మిషన్లు బాగుచేసేవాళ్ళు పోవడమేమిటని మొదట్లో నేనే నవ్వాను. కానీ ఆలోచన మాత్రం మా ఆయనదే, ఒప్పుకోక తప్పదు. కరెంటు ఉన్న రోజున పాడైన మిక్సీ అటక మీద పడి ఉంటుంది, పక్కింటి మిక్సీతో చట్నీ అయిపోతుంది. కరెంటు లేని రోజున పక్కింటిది కూడా తిరగదు. అప్పుడు వీధి చివర ఒక వ్యానులోంచి మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే, ఆడవాళ్ళు కొబ్బరి ముక్కలు ఒక చేత్తో, అటక మీది మిక్సీ ఇంకో చేత్తో పట్టుకుని వచ్చేస్తారు. కొబ్బరి ఊరికే రుబ్బి ఇస్తాం. మిక్సీ మా దగ్గర ఉండిపోతుంది.

ఈ విద్య నాకు విరుదునగర్‌లో మా నాన్న దుకాణంలో అబ్బింది. ఆయన మోటార్లకి రాగితీగ చుట్టేవాడు, నేను పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేదాన్ని. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క తప్పితే మొదటికి రావాలి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఇప్పటికీ అంటారు. ఆ కోపం అక్కడ మొదలైందే. పెళ్ళయి కోవిల్‌పట్టి వచ్చాక మా ఆయన మగ్గాల షెడ్డుకి నూలు మోసే పాత వ్యాను నడిపేవాడు. షెడ్డు మూతపడింది, వ్యాను మాకు మిగిలింది. నేను స్పానర్లు తీసుకుని దాంట్లో ఎక్కాను.

మొదట్లో కరెంటు ఉన్న ఊళ్ళకే పోయేవాళ్ళం, బాగుచేసిన మిక్సీని తిప్పి చూపించాలంటే వాళ్ళ ఇంట్లోకే పోవాలి. కొందరు ప్లగ్గు చూపిస్తారు. కొందరు గుమ్మం దాటనివ్వరు, వాళ్ళే లోపలికి తీసుకుపోయి తిప్పి చూసి, చప్పుడు బాగాలేదని వెనక్కి తెస్తారు. నాకు ఒళ్ళు మండేది. మన కరెంటు మనకి ఉండాలని పట్టుబట్టాను. ఒక ఇన్వర్టరు తెచ్చి, వ్యాను బ్యాటరీకి ఇంట్లో వాడే మామూలు తీగ తగిలించి, ఏళాయిరంపన్నైలో మొట్టమొదటి మిక్సీ ఆన్ చేశాను. రెండు చుట్లు తిరిగింది. తీగ కాలి పొగ వచ్చింది.

ఏళాయిరంపన్నై అంటే టపాసులు చేసే ఊరు. అక్కడ పొగ కనిపిస్తే ఎవరూ ఏమిటని అడగరు, పరుగెత్తుతారు. నిమిషంలో వీధి ఖాళీ అయింది. పొగ ఆరాక ఒక్కొక్కరే వచ్చి, మమ్మల్ని తిట్టినంత తిట్టి, స్టార్టు కాని మా వ్యానుని వాళ్ళే ఊరి బయటిదాకా తోశారు. సాయం చేశారో, వదిలించుకున్నారో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం నాన్నకి ఫోను చేశాను. ఆయన నవ్వలేదు.

"పన్నెండు వోల్టే కదా అని చిన్నగా ఎంచితివా? అది మెల్లిగా నెడుతుంది. మెల్లిగా నెట్టేదానితో పెద్ద పని చేయించాలంటే శానా ఈడ్చాల. అంత ఈడ్చేదానికి నీ సన్నతీగ తాళుతుందా?" అన్నాడు.

అప్పుడు పని సరిగా చేశాం. వెనక ఒక పెద్ద బ్యాటరీ విడిగా పెట్టాం, ఎంత వాడినా వ్యాను స్టార్టు చేసే బ్యాటరీ జోలికి పోకుండా. ఇంజను తిరుగుతున్నప్పుడు అది నిండుతుంది. బొటనవేలంత లావు తీగ, మూరెడు పొడవుకి మించకుండా. బ్యాటరీ పక్కనే నూరు ఆంపియర్ల ఫ్యూజు. ఒక నియమం కూడా పెట్టుకున్నాను: తిరిగేది అయితే తీసుకురా, కాగేది అయితే తీసుకుపో. మిక్సీ, గ్రైండరు, ఫ్యాను, కుట్టుమిషను మోటారు సరే. ఇస్త్రీపెట్టె, కరెంటు పొయ్యి తెస్తే నేను అరిచే అరుపుకి వాళ్ళే మానుకున్నారు.

నన్ను అక్కా అని పిలిచే పిల్ల మాకు దొరికింది అట్లాంటి ఒక కరెంటు లేని రోజే, మా కోవిల్‌పట్టిలోనే, రైలుగేటు అవతల కొత్తగా వచ్చిన ఇళ్ళ వరసలో. మాకు తెలుగు గడప లోపలి భాష. బయటికి వస్తే అందరం అరవమే. కానీ కోపం వస్తే నాకు గడప గుర్తుండదు.

"ఇన్నారా, ఆ చిన్న స్పానరు యాడ పెట్టినారు? తీసింది తీసిన తావులో పెట్టేది ఈ జన్మకి లేదా మీకు?" అని మా ఆయన మీద అరుస్తున్నాను.

మిక్సీ పట్టుకుని వరసలో నిలబడ్డ ఒక అమ్మాయి, "అక్కా! మీరు తెలుగా?" అని ఇంకా గట్టిగా అరిచింది. అరిచి, మిక్సీ కింద పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఆశ్చర్యమేసింది. నా తిట్లు విని ఎవరూ అంత సంతోషపడలేదు అప్పటిదాకా.

ఒంగోలు వైపు పల్లె ఆమెది. పెళ్ళయి ఏడాది కాలేదు. భర్త గాలిమరల కంపెనీలో పని, మరలు ఎక్కడ ఆగితే అక్కడికి పోవాలి, ఒక్కోసారి రెండు మూడు రోజులు రాడు. ఈమె రక్తపరీక్షలు చేసే ల్యాబులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. అరవం రాదు. చేయి చాపండి, భయపడకండి, అయిపోయింది, ఈ మూడు మాటలు నేర్చుకుని రోజంతా వాటితోనే నెట్టుకొస్తోంది. తను సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవడం లేదని చెప్పేటప్పుడు ఆ ముఖం చూడాలి. అంత ఇష్టం ఆ పని అంటే.

ఆమె భయం ఒక్కటే. అత్తగారు. చెడ్డ మనిషి కాదట. కానీ, నా అన్నవాళ్ళు ఒక్కరు లేని ఊళ్ళో, మొగుడు ఇంట్లో లేని రోజున నీకేమన్నా అయితే ఎవరిని పిలుస్తావు, నాతో వచ్చి ఉండు, వాడు సెలవలకి వస్తాడులే అని ఫోనులో ప్రతి ఆదివారం ఇదే మాటట. చివరికి తనే వచ్చి చూస్తానంది. ఇల్లు సవ్యంగా నడుస్తుంటే సరి, లేకపోతే కోడల్ని వెంటపెట్టుకుని పోతానంది. అంటే ఆ ఉద్యోగం అంతటితో సరి.

"ఒక్కపూట భోజనం అక్కా. అది బాగా జరిగితే చాలు, మిగతాది నేను ఒప్పించుకుంటా," అనేది నాతో.

అత్త వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఫోను చేసింది. మేము విరుదునగర్‌లో ఉన్నాం, రాగితీగ కొనడానికి పోయి.

"అక్కా, రేపు మా వీధికి కరెంటు లేదంట. పేపర్లో వేశారంట. అత్తయ్య రేపే వస్తున్నారు. మోటారు తిరక్కపోతే నీళ్ళు కూడా ఉండవు. నాకేం తోచడం లేదు."

"అంతకేమి ఏడ్చేది? బయపడవద్దు. పొద్దున్నే వండి తెస్తాము. అన్నీ మేము చూసుకుంటాము," అన్నాను.

"నిజంగానా అక్కా? మీకెందుకు అంత శ్రమ... మేము ముగ్గురమే. మీరిద్దరూ కూడా మాతోనే తినాలి మరి."

"ముగ్గురు కాదు, ముప్పై మందైనా తాళుతుంది మన వండి. నువ్వు నిమ్మతిగా ఉండు."

ఎంత మంచి పిల్ల, కాస్త కరెంటు ఇస్తామంటే భోజనానికే పిలిచిందని మా ఆయనతో మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు తొమ్మిదికి కరెంటు తీశారు, తొమ్మిదింపావుకి మేము వాళ్ళ గుమ్మం ముందు ఉన్నాం. పిల్ల తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. వెనక తలుపు తీశాను. ఆమె లోపలికి తొంగి చూసింది. బ్యాటరీ, ఇన్వర్టరు, తీగల చుట్టలు, విప్పిన రెండు మిక్సీలు. ముందుకు పోయి సీటు కింద చూసింది.

"అక్కా, క్యారియర్లు ఎక్కడ పెట్టారు?"

"ఏ క్యారియరు?"

"అదే, వంట. వండి తెస్తామన్నారుగా?"

"తెచ్చినాము కదా. ఇదో, నీ ఎదురుగానే నిలిచి వుండాది," అని వ్యాను మీద చెయ్యి వేసి చూపించాను.

ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. స్టీరింగు దగ్గర మా ఆయన ముందు నవ్వడం మొదలుపెట్టాడు, తర్వాత నా ముఖం చూసి ఆపేశాడు.

అరవంలో బండిని వండి అంటారు. మా అమ్మ నోట బండి అనే మాట ఉండేది. మేము బయట రోజంతా వండి వండి అని, అదే ఇంట్లోకి తెచ్చిపెట్టుకున్నాం. సైకిలు, వ్యాను, బస్సు, రైలు అన్నీ మాకు వండే. ఆ మాటకి తెలుగులో ఇంకో అర్థం ఉందని నాకు తెలియక కాదు. రోజూ వండి పెట్టేదాన్ని నేనే కదా! కానీ రెండూ ఒకే నోట్లో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాయి, ఒకదాన్ని ఒకటి ఎప్పుడూ ఒరుసుకోలేదు.

పిల్ల గుమ్మం మెట్టు మీద కూలబడింది. "మీరు మాట్లాడేదాంట్లో సగం నాకు అర్థం కాదక్కా. అర్థమైనంతలో అది ఒక్కటే తేటగా అర్థమైంది," అంది. లోపల బల్ల మీద ఖాళీ స్టీలు గిన్నెలు, మూతలతో సహా వరసగా తుడిచి పెట్టి ఉన్నాయి. కూరగాయలు కొనలేదు. గారెలంటే అత్తగారికి ప్రాణమని నాకు పదిసార్లు చెప్పింది, ఆ గారెలకి మినప్పప్పు నానబెట్టనైనా లేదు. భర్త తెల్లవారుజామునే మదురైకి పోయాడు, రైలు దిగే అమ్మని తీసుకురావడానికి. ఒంటిగంటకి వస్తారు.

నాకు ఏడుపు వచ్చింది. నాకు ఏడుపు వస్తే అది బయటికి అరుపుగానే వస్తుంది. "లేయి! కూర్చుంటే కూడు ఉడుకుతుందా? గ్యాసు వుండాది కదా? పప్పు యాడ?" అని అరిచాను. మినప్పప్పు కడిగి వేడినీళ్ళలో పోశాను, అట్లా అయితే తొందరగా నానుతుంది. మా ఆయన్ని కూరగాయలకి తరిమాను. వంకాయలు, టమాటాలు, కొబ్బరికాయ, పెరుగు. పది గంటలకల్లా కందిపప్పు కుక్కర్లో ఉంది, పిల్ల వంకాయలు తరుగుతోంది, వ్యానులోంచి తీగ వంటింటి కిటికీలోకి పోయింది. కొబ్బరి పచ్చడి మిక్సీలో గిర్రున తిరిగింది. గట్టెక్కామనుకున్నాను.

అక్కడితో ఆగితే సరిపోయేది. నీళ్ళు అయిపోయాయి. కింద తొట్టి నిండా నీళ్ళున్నాయి, మీద ట్యాంకు ఖాళీ. అర గుర్రపుశక్తి మోటారు. తిరిగేదే కదా, తీసుకురావచ్చు కదా అని నా నియమమే నాకు చెప్పింది. కానీ తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఆ మోటారు తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు ఈడుస్తుంది. మోటార్లు చుట్టే ఇంట్లో పుట్టినదాన్ని, నాకిది తెలియదా? తెలుసు. తప్పు దిద్దుకోవాలన్న తొందరలో తెలిసినది కూడా మరిచాను. అటు మిక్సీలో టమాటా తిరుగుతుండగా ఇటు మోటారు స్విచ్చి వేశాను. ఇన్వర్టరు ఒక్క కూత కూసింది. టప్పున ఫ్యూజు పోయింది. అన్నీ ఆగిపోయాయి.

సంచిలో ఇంకో ఫ్యూజు ఉండాలి. దాన్ని పోయిన నెల తిరుచ్చులిలో వాడేసి, కొత్తది కొనడం మరిచాను.

"రాగితీగ చుట్టి పెట్టేద్దునా? ఒక గంటకే కదా," అన్నాడు మా ఆయన మెల్లిగా.

నాకూ చేయి లాగింది. పిల్ల నా ముఖమే చూస్తోంది, ఏమీ అడగడం లేదు. అడిగి ఉంటే చుట్టేసేదాన్నేమో. కానీ ఏళాయిరంపన్నై పొగ ఇంకా నా ముక్కులో ఉంది. అంత లావు తీగకి అడ్డం లేకుండా వదిలితే వ్యాను మిగలదు, ఆ వంటిల్లూ మిగలదు. "వద్దు. బస్టాండు దగ్గర అంగడిలో దొరుకుతుంది. పక్కింటి స్కూటరు అడుక్కుని పోయిరండి," అన్నాను.

ఆయన అటు పోయాడు. పిల్ల కొంగు బిగించి, తొట్టి మూత తీసి, బకెట్టుకి తాడు కట్టి నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. నేను కాలిపోయిన ఫ్యూజు విప్పుతున్నాను. అప్పుడు గేటు ముందు కారు ఆగింది. తోటి ఉద్యోగి కారు దొరికిందట, గంటన్నర ముందే వచ్చేశారు.

సన్నగా, నిటారుగా ఉంది అత్తగారు. చేతిలో గోంగూర కట్టలు. ఆమె వ్యానుని చూసింది, కిటికీలోకి పోయిన తీగని చూసింది, నడుం దాకా తడిసిపోయిన కోడల్ని చూసింది.

"ఏందమ్మా ఇది?"

పిల్ల ఏదైనా అబద్ధం చెప్పొచ్చు. వంట అవుతోంది, మీరు కూర్చోండి అనొచ్చు. చెప్పలేదు. "వంట కాలేదత్తయ్యా. అక్క వ్యాను తెస్తానంటే నేను వంట తెస్తుందనుకున్నా. పొద్దుటిదాకా పప్పు కూడా నానబెట్టలేదు," అంది. బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

ఆమె నవ్వలేదు. కొడుకు వైపు తిరిగింది. "కరెంటు లేదు. నీళ్ళు లేవు. వంట లేదు. ఇదా కాపురం? రేపు సాయంత్రానికి టికెట్లు చూడు, రెండు," అంది.

పిల్ల తలెత్తలేదు. తాడు వదిలింది, బకెట్టు తొట్టిలోకి జారి చప్పుడైంది. నేను ఆ పెద్దావిడ ముందుకి పోయి నిలబడ్డాను. చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే ఉంది, తర్వాత తలుచుకుంటే సిగ్గేసింది.

"అమ్మా, తిట్టేదుంటే నన్ను తిట్టండి. ఈ పిల్ల మీద ఏ తప్పూ లేదు. నా బాస తప్పు. ఫ్యూజు పోయిందీ నా తప్పే. ఇంకొక గంట ఇయ్యండి, గారెలు పెట్టి పంపిస్తా. ఆ తరువాత టికెట్టు కొనండి."

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వెవరమ్మా?"

"మిక్సీలు బాగుచేసేదాన్ని."

"తెలుగేనా నీది?"

"తెలుగే. కొంచెం పాతది."

ఆమె చెప్పులు విడిచి లోపలికి పోయింది. మా ఆయన ఫ్యూజు తెచ్చాడు. ఈసారి రెండు తెచ్చాడు, ఆ ముందుచూపుకి నేను లోలోపల దండం పెట్టుకున్నాను. ఫ్యూజు బిగించి, మిక్సీని వ్యాను వెనకే పెట్టుకుని, నానిన పప్పు వేసి తిప్పాను. పప్పు గట్టిగా ఉంది, మోటారు మూలిగింది. చెంబెత్తి నీళ్ళు పోయబోయాను.

"ఆగాగు! గారెల పిండికి నీళ్ళా?" అని వెనకనుంచి చెయ్యి వచ్చి చెంబు లాగేసుకుంది. అత్తగారే.

"నీళ్ళు పోయకుంటే మోటారు తాళదమ్మా."

"నీళ్ళు పోస్తే గారె తాళదు."

ఇద్దరివీ న్యాయమైన మాటలే. గట్టి పిండి మోటారుకి బరువు, పల్చటి పిండి గారెకి చేటు. ఒక్క దారి ఉంది. జారులో గుప్పెడు పప్పే వేసి, క్షణం తిప్పి క్షణం ఆపుతూ, ఇంజను వేగం పెంచి కరెంటు ఎక్కువ వచ్చేలా చూడాలి. మా ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటరు తొక్కమన్నాను. నేను వెనక స్విచ్చి దగ్గర ఉన్నాను. అత్తగారు జారు మూత నొక్కి పట్టుకుని పిండి వేలితో తీసి చూస్తోంది.

"చాలదు. ఇంకాస్త తొక్కమను మీ ఆయన్ని."

"ఇన్నారా, ఇంగా తొక్కండి!"

"ఆఁ, ఇప్పుడు బాగుంది. చాలు చాలు, ఆపమను."

"చాలంట! ఆపండి!"

గారెల పిండికి ఒక వ్యాను ఇంజను హుంకరించడం ఆ వీధి ఎప్పుడూ చూసి ఉండదు. నాలుగో వాయికి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఒకామె కొబ్బరి గిన్నె తెచ్చుకుంది, ఇంకొకామె అల్లం వెల్లుల్లి తెచ్చుకుంది. కరెంటు లేని ఊళ్ళల్లో మాకది మామూలే. అత్తగారికి కొత్త. వాళ్ళందరూ కోడల్ని పలకరిస్తున్నారు. ఒక ముసలావిడ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తన మోచేతి దగ్గర గుచ్చిన చోటు చూపిస్తూ అత్తగారికి ఏదో గడగడా చెప్పింది.

"ఏమంటుంది?" అని నన్ను అడిగింది అత్తగారు.

"నీ కోడలు సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా వుండదు, నేను ఇంగ వేరే తావుకే పోను అంటుండాది."

ఆమె పిండి చెయ్యి గాల్లోనే ఆగింది. ముసలావిడని చూసింది, కోడల్ని చూసింది. మళ్ళీ జారులోకి వంగి, "ఉప్పు వేశావా?" అంది.

తినేసరికి రెండు దాటింది. గారెలు, వంకాయ కూర, పప్పు, కొబ్బరి పచ్చడి, ఆమె తెచ్చిన గోంగూర. "కూడు తినేదానికి రండమ్మా," అని పిలిచాను. పిల్ల ముఖం పాలిపోయింది. వాళ్ళ వైపు ఆ మాట మర్యాదగా ఉండదట, నాకు తర్వాత చెప్పింది. అత్తగారు మాత్రం, "మా నాయనమ్మ పోయాక ఈ మాట వినలేదు," అని పీట లాక్కుని కూర్చుంది.

తింటూ నన్ను అడిగింది. "వాడు ఊళ్ళో లేనప్పుడు దీనికి జ్వరమొస్తే?"

"ఫోను చేస్తే పది నిమిషాల్లో ఉంటాను. ఈ పొద్దు వచ్చినట్టే వస్తా."

"ఇవాళ వచ్చినట్టు వస్తే కష్టమేనమ్మా," అంది. అందరం నవ్వాం, పిల్ల తప్ప. ఆమె గారెల పళ్ళెం పట్టుకుని అత్తగారి వెనక నిలబడి ఉంది. నవ్వడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. నాకూ చాలడం లేదని, ఊరికే పళ్ళు బయటపెట్టానని, నాకు మాత్రమే తెలుసు. టికెట్ల మాట ఆమె ఇంకా వెనక్కి తీసుకోలేదు.

కొడుకు ఫోను చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, రేపు సాయంత్రం చెన్నై బస్సులో పక్కపక్కన రెండు సీట్లున్నాయి. తీసేయనా?"

ఆమె గారె తుంచి గోంగూరలో అద్దింది. నోట్లో పెట్టుకుంది. నమిలి మింగేదాకా ఎవరూ కదల్లేదు.

"ఒకటి చాలు."

"ఒకటేనా?"

"రేపు పొద్దున నీ పెళ్ళాం పనికి పోవద్దా ఏంట్రా?"